బావ బ్రేకు విప్పిన రోజులు

మొన్న కోల్డు స్టోరేజీ మలుపు దగ్గర మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, వేసుకున్న లారీ అడ్డమొస్తే నా మోటారు సైకిలు ముందు బ్రేకు నొక్కాను. బండి ఆగింది గానీ, ఆగేముందు అది అరిచిన అరుపుకి లారీ డ్రైవరు తల బయటపెట్టి, ఎవర్ని తొక్కేశానా అని చక్రాల కింద వెతుక్కున్నాడు. మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే, ముందు చక్రం పక్కన డిస్కుని రెండువైపులా కరిచి పట్టుకునే ముద్దని, అదే కాలిపర్‌ని, వేలితో తట్టి చూసి, "మొత్తం మార్చేద్దామన్నా, విప్పి బాగుచేసే రోజులు పోయినాయి" అన్నాడు. ఆ మాట నాకెందుకో నచ్చలేదు. బండిని ఇంటికి తోలుకొచ్చి, వాకిట్లో గోనెసంచి పరిచి, పానాలు ముందేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి గోనెసంచినీ పానాలనీ నన్నూ వరసగా చూసి, "మీ బావలాగా మొదలుపెట్టారా?" అంది. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు.

మా బావ అంటే మా అక్క మొగుడు. దర్శి పక్కన పల్లె. మిరపా పత్తీ వేస్తాడు, మిగిలిన సమయంలో ఇంట్లో ఉన్నవన్నీ విప్పుతాడు. ఫ్యాను విప్పి బిగించాక రెండు మరలు మిగిలితే, "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడ్రా" అని వాటిని కిటికీలో పెట్టేవాడు. ఆయన బాగుచేసిన రేడియో ఒక్క స్టేషనే పలికేది, అదీ తమిళం. ఏడాది తిరిగేసరికి మా అక్కకి తమిళ వార్తలు అర్థమవడం మొదలైంది. అయినా ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. ఫ్యాను తిరక్కపోతే చెమట పడుతుంది, అంతేగా. బ్రేకు సంగతి అలా కాదు కదా.

ఆయన బ్రేకు విప్పిన ఏడు మిరప కోతలకి సాయంగా నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా అక్క ఇల్లు నిశ్శబ్దంగా ఉండడమంటే సంతలో ఎవరూ అరవకపోవడంలాంటిది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. వంటింట్లోంచి అక్క, "ఒరేయ్ తమ్ముడూ, మీ బావని అన్నానికి రమ్మను" అంటుంది. బావ నా పక్కనే మంచం మీద కూర్చుని ఉంటాడు. "వస్తన్నానని చెప్పు" అంటాడు. నేను ఇటోమాట అటోమాట మోసి మోసి, భోజనానికి ముందే అలిసిపోయేవాణ్ణి. మజ్జిగ మారు అడిగినా నేనే రాయబారం నడపాలి. ఉప్పు చాల్లేదన్న కబురు మాత్రం నేను మోయలేదు, నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

సంగతేమిటంటే, కొద్దిరోజుల కిందట ఇద్దరూ దర్శి నుంచి బండి మీద వస్తుంటే ముందుపోయే ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బావ బ్రేకు నొక్కితే పట్టలేదు. ట్రాక్టరుకి గుద్దుకోకుండా బండిని పత్తి చేలోకి దించేశాడు. ముగ్గురూ పడ్డారు, బావా అక్కా బండీ. దెబ్బలు పెద్దవేమీ కాదు. కానీ బావ లేచి, మొదట బండిని లేపాడు. స్టాండు వేశాడు. హ్యాండిలు వంకరపోయిందేమో చూశాడు. ఆ తరవాత వెనక్కి తిరిగాడు. అప్పటికి అక్క తనంతట తనే లేచి, జుట్టులో పత్తితో, నడిచి ఊళ్ళోకొచ్చేసింది. "ఇంక ఆ బండి ఎక్కితే అడుగు" అని అందరి ముందూ అన్న ఆ మాటే మొగుడితో ఆఖరి మాట.

ఆ రోజు నుంచి చేలోకి కూలీల ఆటోలో పోతుంది. బావ ఒక్కడే బండి మీద వెనకాల, వెనక బ్రేకు నమ్ముకుని, నడకంత మెల్లగా వస్తాడు. ఆటోలోంచి కూలీలు ఊరుకుంటారా? "ఏందన్నా, వదినొచ్చి మాలో చేరింది, నీ బండికి రెస్టా?" అని ఒకామె. "బండికి కాదు, అన్నకే రెస్టు ఇచ్చింది" అని ఇంకొకామె. ఆటో మొత్తం నవ్వుతుంది. అక్క మాత్రం నవ్వదు, పక్క చేలకేసి చూస్తుంది. మా బావ సామాన్యంగా ఎవరి మాటకీ తగ్గే మనిషి కాదు. అలాంటివాడు తల దించుకుని మిరపకాయలు కోస్తుంటే నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. ఎగతాళి చేయబుద్ధి కాలేదంటే నాకే భయమేసింది.

ఒక మధ్యాహ్నం బావ బండి ముందు గోనెసంచి పరిచాడు. "ఏరా బామ్మర్దీ, ఆ పద్నాలుగు నంబరు పానా ఇటు తే." షెడ్డుకి తీసుకెళదామన్నాను. "నేను పడేసిన మనిషిని షెడ్డోడు లేపుతాడా?" అన్నాడు. ఇంక నేనేమంటాను, పానా తెచ్చాను.

కాలిపర్ ఊడొచ్చింది. లోపల చిన్న స్టీలు గ్లాసులాంటి పిస్టన్ ఒకటి ఉంటుంది. మనం బ్రేకు నొక్కితే ఆయిలు దాన్ని తోస్తుంది, అది వెళ్ళి డిస్కుని అదుముతుంది. మా బావ బండిలో అది దుమ్మూ తుప్పూ పట్టి బిర్రబిగుసుకుపోయింది. నొక్కినా రాలేదు, తట్టినా రాలేదు. బావ ట్రాక్టరు టైర్లకి గాలి కొట్టే పంపు తెచ్చి, ఆయిలు వచ్చే బెజ్జానికి దాని మూతి ఆనించి, "తొక్కరా" అన్నాడు. తొక్కాను. ఇంకాస్త తొక్కమన్నాడు. ఠప్పుమని ఒక చప్పుడు. పిస్టన్ నా చెవి పక్కగా వెళ్ళి, వాకిట్లో ఆరబోసిన మిరపకాయల్లో పడింది. వాకిలంతా ఎర్రగా ఉంది, అందులో అరచేతిలో పట్టే ముక్క ఎక్కడుందని వెతకాలి? ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని కాయలు కెలకసాగాం. ఘాటుకి నేను తుమ్ముతుంటే బావ దగ్గుతున్నాడు. కాసేపటికి అక్క వచ్చి, చేట తీసుకుని కాయలు ఎత్తి పోసి, మూడో చేటలో పిస్టన్ని పట్టి నా చేతిలో పెట్టింది. "ఇదిగో, మీ బావ వజ్రం" అంది. బావ నా చేతిలోంచి అందుకుంటూ, "థాంక్సని చెప్పు" అన్నాడు. చెప్పాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పిస్టన్ని సన్న ఎమరీ కాగితంతో అద్దంలా రుద్దాడు. కాలిపర్ లోపలి గాడిలో పేరుకున్న మడ్డిని చీపురు పుల్లతో గీకాడు. ఆ గాడిలో కూర్చునే రబ్బరు రింగుల కొత్త జత ఒంగోలు నుంచి తెప్పించాడు. ఆ పాకెట్టు మీద ఇంగ్లీషులో చీమలబారులా ఏదో రాసి ఉంది. ఏడో తరగతిలో బడికి దండం పెట్టిన నేనూ, నాకంటే ముందే పెట్టిన బావా దాన్ని కాసేపు గౌరవంగా చూసి, కంపెనీ అడ్రసై ఉంటుందని తేల్చుకున్నాం. బావ ఆ రింగుల్ని తీసి గిన్నెలో వేసి, మునిగేదాకా ఇంజన్ ఆయిలు పోసి, మూతపెట్టాడు. నాకూ అదే సరైన పద్ధతనిపించింది. మందు కొట్టే చేతిపంపు తోలు వాషరు ఎండిపోతే మా వైపు ఏ రైతైనా చేసేది అదే. రాత్రంతా ఆయిల్లో నానేస్తే తోలు మెత్తబడి, ఉబ్బి, గొట్టానికి చక్కగా అతుక్కుంటుంది. తాతల నాటి నుంచీ పంపులన్నీ అలాగే పనిచేశాయి. బ్రేకు మాత్రం ఏం గొప్పది?

పొద్దున రింగులు బిగించి పిస్టన్ పెడితే దూరనంది. బావ దాని మీద చెక్క పెట్టి అరచేత్తో గుద్ది దూర్చాడు. ఆయిలు పోశాం. బ్రేకు నొక్కాం. పట్టింది. ఎంత బాగా పట్టిందంటే, వదిలినా వదల్లేదు. బండిని ఇద్దరం వెనకనుంచి తోస్తే ముందు చక్రం తిరక్కుండా మట్టిలో నాగటి చాలు తీసుకుంటూ పోయింది. నిన్నటిదాకా ఆగని బండి, ఇవాళ కదలని బండైంది.

మళ్ళీ విప్పాం. ఈసారి పంపు తొక్కేముందు కాలిపర్‌కి దుప్పటి చుట్టాం, మాకూ తెలివి పెరుగుతోంది. తీసిన రింగుని అక్క వంగి చూసి, గోడ మీద పడి ఉన్న పాత రింగుని తెచ్చి దాని పక్కన పెట్టింది. కొత్తది దానికి పెద్దక్కలా ఉంది.

"తమ్ముడూ, తెచ్చినప్పుడు ఇది పాతదానంతే ఉందిగా? ఇయ్యాల గారెలాగా ఉబ్బిందేందో మీ బావనడుగు."

"నానేస్తే ఉబ్బదా? ఉబ్బాలనే నానేశానని చెప్పు."

"నానేసేదుంటే శనగలు నానేసుకోమను. అది తోలు, ఇది రబ్బరు."

బావ రెండు రింగులూ చెరో అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తరవాత, నాతో కాదు, రింగులతోనే, "నిజమే" అన్నాడు. ఆ మాట మోసుకుపోవాల్సిన పని నాకు లేకపోయింది. అక్క వినేసింది.

నేనే ఒంగోలు పోయి ఇంకో జత తెచ్చాను. షాపు భాయి నా మొహం చూసి, "దీనికి బ్రేకాయిలు తప్ప ఇంకేదీ తగలకూడదు, ఇంజనాయిల్లో నానేశారా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఈసారి నానేయకండి" అని నవ్వి ఇచ్చాడు. బావ ఈమారు రింగులకి వేలితో కొంచెం బ్రేకాయిలు రాసి కూర్చోబెట్టాడు. పిస్టన్ బొటనవేళ్ళతో నొక్కితే మెత్తగా దిగిపోయింది. ఇక మిగిలింది బ్రేకాయిలు గొట్టంలో చేరిన గాలి తీయడం. దానికి ఇద్దరు మనుషులుండాలి. ఒకరు బ్రేకు నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు కింద మర వదులు చేస్తారు, గాలి బుడగలు ఆయిలుతో కలిసి, మరకి తగిలించిన సెలైను గొట్టంలోంచి సీసాలోకి పోతాయి. మర బిగించాకే పైవాళ్ళు బ్రేకు వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి మళ్ళీ వస్తుంది. కాబట్టి చెప్పుకుంటూ చేయాలి.

బ్రేకు దగ్గర నేనున్నాను. రెండుసార్లు నొక్కాను. మూడోసారి, ముందే అనుకున్నట్టు, నా కంట్లో కారం పడింది. "అమ్మో అక్కా, మంట, ఇది కాస్త పట్టుకో" అని బ్రేకు ఆమె చేతిలో పెట్టి నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తాను. నిజానికి నా కళ్ళు ఆ రోజు ఉన్నంత బాగా ఎప్పుడూ లేవు. తొట్టి వెనకాల కూర్చుని, మొహం మీద నీళ్ళు చల్లుకుంటూ చూశాను.

బావ కింద కూర్చుని ఉన్నాడు. కాసేపు ఇద్దరూ నా రాక కోసం చూశారు. నేను గట్టిగా మూలిగాను.

"పట్టు" అన్నాడు బావ, చివరికి.

"పట్టా."

మర తిప్పాడు, బిగించాడు. "వదులు."

"వదిలా."

"పట్టు... చెయ్యి నొప్పిగా ఉందా?"

"ఆ మాట పత్తిచేలో అడగాల్సింది."

మర దగ్గర పానా ఆగింది. నేను మూలగడం మర్చిపోయాను. బావ తల ఎత్తకుండానే, "నిన్ను చూట్టానికి భయమేసిందే. ఏమైపోయావోనని. బండినైతే చూడగలిగా" అన్నాడు.

అక్క నొక్కి పట్టిన బ్రేకు వదల్లేదు. ఆమె వేళ్ళు తెల్లగా కావడం నాకు అక్కడికి కనపడింది. "పట్టే ఉన్నా, తిప్పవయ్యా" అంది.

ఆ తరవాత ఇంక పట్టు, వదులు, పట్టు, వదులు. సీసాలోకి బుడగలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. నాకు కనపడుతోంది, బావకీ కనపడుతోంది, పైనుంచి అక్కకీ కనపడుతూనే ఉంది. "ఇంకా గాలుందా?" అంటుంది అక్క. "ఉందనుకుంటా, ఇంకోసారి చూద్దాం" అంటాడు బావ. మధ్యలో కూలీల సంగతొచ్చింది, ఈ ఏటి కాయ రంగు సంగతొచ్చింది, నా మూలుగు సంగతీ వచ్చి ఇద్దరూ నవ్వుకున్నారు. కొత్త ఆయిలు డబ్బా అడుగంటేదాకా మర బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నారు. పొద్దు వాటారాక అక్క కొంగు నడుముకి దోపి, నన్నడక్కుండా, ఆయన్నీ అడక్కుండా బండెక్కి వెనక కూర్చుంది. వీధి చివరిదాకా పోయారు. అక్కడ బండి వెనక ఎర్రలైటు వెలిగింది, బండి ఆగింది, మళ్ళీ కదిలింది. తిరిగి వచ్చేస్తారనుకున్నాను, రాలేదు. చేలవైపు తిరిగారు.

విప్పి బాగుచేసే రోజులు పోయినాయని మొన్న మెకానిక్కు అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గాలి తీసిన సాయంత్రమే. పావుగంట పని అది, చేతైనవాడికి. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ దాన్ని పొద్దు వాటారేదాకా సాగదీశారు. తరవాత ఎన్నో సాయంత్రాలు చూశాను గానీ, అంత తీరిగ్గా, ఎవరికీ అక్కర్లేకపోయినా ఆగి కూర్చున్న సాయంత్రాన్ని మళ్ళీ చూడలేదు.