గవాచి మీది గంప

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే విత్తనానికే మర్యాద ఎక్కువ. నవ్వులాటకు అనడం లేదు. మాది పావగడ తాలూకాలో నిడుగల్లు కొండకు దగ్గరి ఊరు. వానను నమ్ముకుని శెనక్కాయ వేసుకునే ఊరు. ఎనభైల్లో కరువు మీద కరువు వచ్చింది. పండింది ఎంత తక్కువైనా, ముందు మరుసటి ఏటి విత్తనం పక్కకు తీసి ఆ తర్వాతే తిండి సంగతి చూసుకునేవాళ్లు. ఆ విత్తనపు మూటలకు ఇంట్లో ఒక గది ప్రత్యేకంగా ఉండేది.

మాది మట్టి మిద్దె. గది కప్పులో తల పట్టేంత బొక్క ఒకటి వదిలేవాళ్లు, వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ. దాన్ని గవాచి అంటాం. మూటలు చేర్చిన రోజే మా తాత మిద్దెక్కి, గవాచి మీద బండ పెట్టి, చుట్టూ పేడా మట్టీ కలిపి మెత్తేసేవాడు. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా మూటలు పేర్చేవాడు. చెమ్మ తగలకూడదు, పురుగు పట్టకూడదు, ఎలుక దూరకూడదు. విత్తనాలు చల్లేదాకా ఆ గది అలా బిగుసుకుని ఉండేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు మా అమ్మా నాయనా చెరకు కొట్టే పనికి మండ్య దిక్కు పోయారు. నేను తాత దగ్గరా అవ్వ దగ్గరా ఉండిపోయాను. కార్తీకం వెళ్లాక మా చిన్నత్త వచ్చింది. చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు, బెంగళూరులో ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోసే పనికి పోయిన మనిషి. నన్ను చంకలో వేసుకుని కొండంతా తిప్పిన ఆమె, ఆ రోజు హొసకోట బస్సు దిగి ఇంటికి నడిచేలోగా రెండు చోట్ల కూలబడింది. ఒకటే దగ్గు. తాత పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు, కఫం చూశారు, టీబీ అన్నారు. మాత్రలూ సూదులూ రాసి, ఏడాది దాటినా సరే మానకూడదని గట్టిగా చెప్పి పంపారు.

మా అవ్వ కూతురి మంచాన్ని విత్తనాల గదిలో వేసింది. చలిగాలి తగిలితే దగ్గు ముదురుతుందని మా దిక్కు అందరూ నమ్మేవాళ్లు, మా అవ్వ ఇంకా ఎక్కువ నమ్మేది. ఆ గది కంటే వెచ్చని చోటు మా ఇంట్లో లేదు. మూటల నడుమ మంచం, మంచం పక్కన నేల మీద అవ్వ చాప. పడుకునే ముందు తలుపు మూసి, కింది సందులో పాత చీర పేలిక కుక్కేది. అంటుజబ్బు అని తెలుసు కాబట్టి అత్తకు చెంబు వేరు, అన్నం తినే తట్ట వేరు పెట్టాం, ఆమె తాగిన లోటాను వేన్నీళ్లతో తోమేవాళ్లం. పీల్చే గాలిని మాత్రం అందరం కలిసే పీల్చుకున్నాం. బడి నుంచి రాగానే నేనూ ఆ గదిలోకే దూరేదాన్ని. అత్త ఓపిక తెచ్చుకుని నాతో అచ్చనగాయలు ఆడేది.

ఇలా నెలన్నర గడిచింది. అత్తకు సూదులు వేయడానికి వారానికి రెండుసార్లు నర్సమ్మ వచ్చేది. బక్కపలుచని మనిషి, మాట మాత్రం గట్టిది. మొదట్లో సూది వేసే పని బయట పందిరి కిందే జరిగేది. పుష్యమాసంలో ఒక పొద్దున అత్త లేవలేకపోతే నర్సమ్మే లోపలికి వచ్చింది. గడప దాటగానే ఆగి, చుట్టూ చూసింది, పైకి చూసింది. అత్తను మెల్లగా లేపి, తాతా అవ్వా చెరోవైపు పట్టుకుంటే పందిరి కిందికి తెచ్చి పడుకోబెట్టింది. సూది వేశాక మా తాతను అడిగింది, బీడీ ఉందా అని.

మా తాత సిగ్గుతో చచ్చిపోయాడు. నర్సమ్మ ముందర బీడీ తాగడమంటే ఆయనకు మాటలా! ఆమె వదల్లేదు. లోపలికి పోయి నాలుగు దమ్ములు లాగి, బీడీ ఆర్పి బయటికి రమ్మంది. ఆయన రాగానే తలుపు మూసి, అవ్వ కుక్కే పేలికను తనే కుక్కింది. తర్వాత ఏ తొందరా లేనట్టు మజ్జిగ తాగుతూ, మా అవ్వ చేటెడు కాయలు ఒలిచేదాకా వానల గురించీ గొర్రెల గురించీ మాట్లాడుతూ కూర్చుంది. చేట ఖాళీ అయ్యాక తలుపు కాస్త తెరిచి అందరినీ చూడమంది. తలుపు సందులోంచి పడిన ఎండలో పొగ ఎక్కడిదక్కడే నీలంగా వేలాడుతోంది. బీడీ కంపు ముక్కుకు కొట్టింది.

"పెద్దాయన బయటికొచ్చి శానా సేపాయె. ఆయన వదిలిన పొగ యాడికీ పోలేదు. మీ బిడ్డ దగ్గినా ఇంతేనమ్మా. పొగ కంటికి కనపడతాది, అది కనపడదు. ఈ గదిలో పండుకునే వాళ్లంతా రాత్రంతా దాన్నే పీలుస్తాండారు," అంది నర్సమ్మ.

అవ్వ చేతిలోని చేట కింద పెట్టేసింది. తాత చాలాసేపు ఆ పొగనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన జీవితమంతా కళ్లంలో గాలి కోసం ఎదురుచూసిన మనిషి. గాలి ఆడని రోజు చేట ఎత్తి పోస్తే పొట్టు మళ్లీ కాయల మీదే పడుతుందని ఆయనకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ మాటే మెల్లగా తనకు తాను చెప్పుకున్నాడు. మరి విత్తనం గతి ఏందని అవ్వ అడిగింది. తాత గడ్డపార తీసుకుని మిద్దెక్కాడు.

మెత్తిన మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి మంచం మీద పడింది. బండ జరిగింది. మధ్యాహ్నానికల్లా మూటలన్నీ ముందు నడవలోకి వచ్చాయి, కిటికీ బయటపడింది. నర్సమ్మ తాత చేత ఇంకో బీడీ వెలిగించింది. ఈసారి పొగ తలుపు వైపు నుంచి గవాచి వైపు సాగి, చూస్తుండగానే పైకి వెళ్లిపోయింది. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి, రెండూ ఉండాలంది ఆమె. మాత్రలు అత్త జబ్బు చూసుకుంటాయి, ఈ గవాచి మిగిలిన వాళ్లను చూసుకుంటుందని చెప్పింది. అత్త మంచానికి దూరంగా, గడప దగ్గర అవ్వ పడుకోవాలంది. బీడీ తాగడం ఇదే ఆఖరు కావాలని తాతకు చెప్పడం కూడా మరిచిపోలేదు.

ఇంతవరకు మా ఊళ్లో చాలామందికి తెలుసు. తర్వాతది తెలియదు.

పుష్యమాసపు చలి మా మెట్టనేలల్లో ఎముకలు కొరుకుతుంది. గవాచి తెరిచాక అత్త వణికేది. పళ్లు టకటకా కొట్టుకునేవి. "చలేస్తాండాది పాపా," అని నాతో అనేది, పెద్దవాళ్లతో అనేది కాదు. నాకు ప్రాణం ఉసూరుమనేది. అప్పటికి నాకు అత్త కంటే ఎక్కువ ఎవరూ లేరు. ఒకరోజు పొద్దు గూకే వేళ, తాత గొర్రెల్ని దొడ్డికి తోలుతున్నప్పుడు, నేను నిచ్చెనెక్కి గవాచి మీద గంప బోర్లించి, దాని మీద ఖాళీ గోతం కప్పాను. తెల్లారగానే తీసేశాను. ఆ రాత్రి వెచ్చగా ఉందని అత్త నా బుగ్గ నిమిరింది. ఇక అది నా రోజువారీ పని అయిపోయింది. మా అవ్వకు మసక చూపు, చీకట్లో పైకి చూసినా తెలియదు. కిటికీ కూడా నేనే మూసేదాన్ని. ఇరవై రోజులో ఇంకా ఎక్కువో, లెక్క నాకే తెలియదు. అత్తను కాపాడుతున్నది నేనేనని నాకు లోలోపల ఎంత గర్వమో చెప్పలేను.

ఒకనాడు నర్సమ్మ మొదటి బస్సుకే వచ్చేసింది. నేనింకా మిద్దెక్కలేదు. ఆమె గదిలో అడుగు పెడుతూనే గాలి ముక్కిపోయి ఉందంది. పైకి చూసింది. ఆమెతో పాటు అందరూ పైకి చూశారు. గంప అడుగు కనిపిస్తోంది. తాత గంపను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా మొహంలోనే అంతా కనిపించి ఉంటుంది.

"నేనే పెట్టినా నర్సమ్మా. బిడ్డకు చలి తగుల్తాండాదని," అన్నాడు.

నర్సమ్మ ఆయన్ను ఎన్ని మాటలందో! అంత వయసొచ్చినా బుద్ధి లేదా అంది, భార్యను కూడా మంచమెక్కించాలని ఉందా అంది. ఊరి పెద్దల మధ్య తల ఎత్తుకుని కూర్చునే మనిషి, నేరం చేసిన బడిపిల్లాడిలా తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆమె వెళ్లాక నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నన్ను మిద్దె మీదికి తీసుకుపోయి గంప తీసేసి, మొహం దూరంగా పెట్టి చెయ్యి మాత్రం గవాచి మీద చాపమన్నాడు. బయట మంచు. అరచేతికి మాత్రం లోపలి నుంచి వెచ్చటి గాలి వచ్చి తగిలింది, మనిషి ఊపిరి తగిలినట్టు. కింద అత్త దగ్గింది. చెయ్యి అలాగే ఉంచమన్నాడు.

"ఇదంతా నువ్వు మూసినన్ని దినాలూ లోపలే తిరిగిండాది పాపా. మీ అత్తకు చలైతే కంబళి తెద్దాము. దీన్ని మాత్రం ఆపొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రమే ఒక గొర్రెను అమ్మి రెండు కంబళ్లు తెచ్చాడు. మంచాన్ని గవాచి కింది నుంచి పక్కకు జరిపాడు. అత్త తలకు గుడ్డ చుట్టి, కంబళ్లు కప్పితే చలి ఆగింది. అంత తేలికైన పని మాలో ఎవరికీ ముందు తోచలేదు.

ఉగాది నాటికి అత్త బోరింగు దాకా నడిచి బిందె మోసింది. అందరం ఆమెనే చూస్తున్నాం, అవ్వను ఎవరూ చూడలేదు. ఆషాఢంలో వాన పడింది, రెండేళ్ల తర్వాత పడిన మంచి వాన. నడవలో ఉన్నందుకు మూటల్లో కొంత విత్తనం చెడినా మిగిలింది చల్లాం. అవ్వ చేనులో దగ్గుతూ ఉండేది. ముసలిదగ్గు అనేది. ఆసుపత్రికి పోతే ఒక దినం పని చెడుతుందని దాచింది. కొంగుకు నెత్తురు అంటిందని అత్త చూసేనాటికి ఆమె ఒంట్లో ఏమీ మిగల్లేదు. కాయలు పీకే నాటికి మా అవ్వ లేదు.

పదకొండో రోజు చుట్టాలందరి ముందూ అత్త ఏడుస్తూ తాతను అడిగింది. "నువ్వు ఆ గవాచి మూయకుంటే అమ్మ బతికుండేది కదా నాయనా," అంది. నేను నోరు తెరవబోయాను. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనిపించనంత కొంచెంగా. నేను నోరు మూసుకున్నాను. దొడ్డి వెనక్కి పోయి కూర్చున్నాను. కాసేపటికి ఆయనే వచ్చాడు. అవ్వ నా వల్లే పోయిందా అని అడిగాను.

కాదని చెప్పి ఉండొచ్చు. చిన్నపిల్లను ఊరడించడానికి ఎవరైనా అదే చెబుతారు. ఆయన నాతో అబద్ధం ఆడలేదు. "తెలీదు పాపా. నీకంటే ముందు నెలన్నర మూసింది నేను. పేలిక కుక్కింది మీ అవ్వ. ఎవురి దినాల్లో తగులుకొన్యాదో ఎవురికి తెలుసు? అడిగినోళ్లకు నా పేరే చెప్పు," అన్నాడు.

ఆ జబ్బు ఒంట్లో చేరి నెలల తరబడి బయటపడకుండా ఉండగలదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. మా అవ్వకు మొదటి నెలన్నరలోనే తగిలి ఉండొచ్చు. నా ఇరవై రోజుల్లోనూ తగిలి ఉండొచ్చు. ఏ డాక్టరూ విడదీసి చెప్పలేడు. తాత మాత్రం నేను పీయూసీ చదివేటప్పుడు పోయేదాకా ఆ నింద మోశాడు. అత్త ఆయనకు అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, ఆ సంగతి మాత్రం మనసులోంచి తీయలేదు. నేను ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని, ప్రతిసారీ భయపడేదాన్ని. నా పిరికితనాన్ని ఇప్పటికీ క్షమించుకోలేదు.

తాత పోయిన ఏడాదికి అత్తకు చెప్పాను. ఆమె నా తల దగ్గరికి తీసుకుని, "చలేస్తాండాదని నీతో చెప్పింది నేనే కదా తల్లీ," అంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తాతను తలుచుకుని ఆమె ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఇప్పుడు నాకూ మనవరాళ్లున్నారు. ఎవరింట్లో దగ్గు ఉందన్నా చూడ్డానికి పోతాను. చాలా ఇళ్లలో అదే తీరు. కిటికీలు బిగించి, తెరలు దించి, పక్కనే ఒక తల్లో కూతురో కదలకుండా కూర్చుని ఉంటారు. వాళ్లు ఎంత ప్రేమతో ఆ కిటికీలు మూశారో నాకు తెలుసు. అందుకే ఎవరు మూశారని అడగను. రోగికి ఇంకో దుప్పటి కప్పి, వెళ్లి కిటికీ తెరుస్తాను. ఎవరైనా తప్పు చేసినట్టు మొహం పెడితే మాత్రం, ఒకప్పుడు నేనూ మూశానని చెబుతాను.