చెదిరిన గాల్జీ

తనకల్లులో కూలి చేసే నల్లమ్మ కూతురు అంజలి అనంతపురంలో జీవకణాల మీద పరిశోధన చేస్తోంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపలున్న గాల్జీ అనే భాగం ముక్కలవుతుంది. విభజన ముగిశాక అవి మళ్ళీ అతుక్కోవాలంటే, ఒక ఎంజైము అక్కడి ప్రోటీన్ మీదున్న ఎసిటైల్ అనే చిన్న రసాయన గుర్తును తొలగించాలి. ఆ ఎంజైమును మందుతో ఆపితే ముక్కలు చెదిరే ఉంటాయని అంజలి రెండేళ్ళు ఫొటోలతో చూపించింది.

ఒకరోజు ఆ ఫొటోలు తిరిగి చూస్తుంటే, చాలా కణాల్లో విభజనే పూర్తికాలేదని తెలిసింది. ముక్కలు అందుకే చెదిరి ఉండవచ్చు, మందు వల్ల కాకపోవచ్చు. చేలో వేరుశనగ పీకుతున్న తల్లికి ఫోన్ చేసింది.

"నా పనిలో తప్పుండాదిమా. నాకు తప్ప ఎవురికీ తెల్దు."

"నీకు తెలిసిపాయ గదా పాపా. పోయి మీ సారుకు చెప్పు."

చెప్పింది. ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న సారు ఆ ఫొటోలు చూసి, "మళ్ళీ మొదలుపెట్టు" అన్నారు.

ఇంకో ఏడాది పట్టింది. ఈసారి విభజన ముగిసిన కణాలనే చూసింది. ఎంజైము ఆగినచోట గాల్జీ చెదిరే ఉంది, కానీ మునుపు చెప్పినంతగా కాదు. అంజలి ఉన్నది ఉన్నట్టే రాసింది.