శ్యామల వేసిన వైఫై తాళం

ములకలపల్లి దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊరికి ఇంటర్నెట్ వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది శ్యామల. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె నర్సు. ఊళ్లో ఫోన్ సిగ్నల్ అందదు. ఇప్పుడు గోడకు బిగించిన వైఫై డబ్బా పుణ్యమా అని భద్రాచలంలోని డాక్టర్ సుజాత ఇక్కడి రోగిని ట్యాబ్ తెర మీద చూసి మందు చెప్పగలదు.

కానీ డబ్బా బిగించిన మనిషి దానికి పాస్‌వర్డ్ పెట్టకుండానే వెళ్లిపోయాడు. ఊరి ఫోన్లన్నీ అందులో దూరాయి. అరుగు మీద కుర్రాళ్లు సినిమాలు చూస్తుంటే లోపల డాక్టరమ్మ ముఖం తెర మీద ముక్కలు ముక్కలయ్యేది. ఒకరోజు ఒక బాలింత సిగ్గు విడిచి తన బాధ చెప్పుకుంటుంటే మాట మధ్యలో తెగిపోయింది. మళ్లీ మొదటినుంచి చెప్పలేక ఆమె లేచి వెళ్లిపోయింది. శ్యామలకు ఒళ్లు మండింది.

సెలవు చూసుకుని వైరా వెళ్లింది. అక్కడ కంప్యూటర్ దుకాణం నడిపే రాంబాబు ఆమెకు మేనబావ.

"బావా, గీ డబ్బాకు తాళం ఎట్లెయ్యాలె?"

"రెండు పనులున్నయి శ్యామలా. లోపలికి ఎవరు రావాలెనో చూసేది పాస్‌వర్డ్. గాలిల పోయే మాట పక్కోనికి అర్థం గాకుండ చేసేది ఎన్‌క్రిప్షన్. డబ్ల్యూపీఏ త్రీ అని ఉంటది, గది పెట్టు, గట్టిది. ముందుగాల డబ్బా సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు. లేకుంటె ఎవడో ఒకడు లోపలికొచ్చి నీ తాళమే మార్చేస్తడు."

దుకాణంలోని డబ్బా మీద ఆమె చేతే అంతా చేయించాడు.

మర్నాడు ఉపకేంద్రం తలుపు తీయగానే శ్యామల తన ఫోన్‌లో సెట్టింగుల పేజీ తెరిచింది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చింది. ఎవరూ ఊహించలేని పొడుగాటి వైఫై పాస్‌వర్డ్ పెట్టింది. డబ్ల్యూపీఏ త్రీ ఎంచుకుని సేవ్ నొక్కింది. డబ్బా మీది దీపం ఆరి, మళ్లీ వెలిగింది. అరుగు మీద ఒకటే గోల.

"అక్కా, నెట్ ఏమైంది? సినిమా సగంల ఆగింది!" కిటికీలోంచి అరిచాడు అరుగు మీది కుర్రాడు బలరాం.

"తాళమేసిన!" అంది శ్యామల. నవ్వు ఆగలేదు ఆమెకు.

ఆమె ఫోన్ కొత్త పాస్‌వర్డ్‌తో ఇట్టే కలిసింది. ట్యాబ్ మాత్రం కలవలేదు. మళ్లీ కొట్టి చూసింది. లాభం లేదు. సరిగ్గా అప్పుడే వాకిట్లో ట్రాక్టర్ ఆగింది. తేనె తీయడానికి చెట్టెక్కిన పోతయ్యను తేనెటీగలు ఒళ్లంతా కుట్టేశాయి. పెదాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, గొంతులో పిల్లికూతలు.

"ఊపిరి ఆడ్తలేదమ్మా! జల్దీ చూడు!" అని ఏడ్చింది అతని భార్య జంపక్క.

శిక్షణలో నేర్పినట్టే శ్యామల వెంటనే తొడకు అడ్రినలిన్ సూది వేసి, ఆక్సిజన్ పెట్టింది. తన ఫోన్‌లో వైఫై కాల్ చేసి అంబులెన్స్ పిలిచింది. అయినా పోతయ్యకు ఊపిరి తేలిక కాలేదు. ఇక డాక్టర్ చూడాల్సిందే. డాక్టర్‌ను కలిపే యాప్ ఆ ట్యాబ్‌లోనే ఉంది.

"పాస్‌వర్డ్ తీసెయ్ అక్కా!" అన్నాడు బలరాం.

తీసేస్తే ఊరి ఫోన్లన్నీ మళ్లీ ఎగబడతాయి, తెర మళ్లీ ముక్కలవుతుంది. శ్యామల ఒక్క క్షణం ఆలోచించింది. ఫోన్ కలిసిందంటే పాస్‌వర్డ్ తప్పు కాదు. ట్యాబ్ పాతది, ఈ కొత్త తాళం దానికి తెలియదు! గబగబా సెట్టింగుల్లోకి వెళ్లింది. పాత తాళం డబ్ల్యూపీఏ టూ, కొత్తది త్రీ రెండూ కలిసి ఉన్న వరుస కనిపించింది. దాన్ని నొక్కి సేవ్ చేసింది. దీపం ఆరింది. ఎంతకీ వెలగదేం! వెలిగింది. ట్యాబ్ కలిసింది!

తెర మీద డాక్టర్ సుజాత ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా వచ్చింది.

"కెమెరా ఛాతీ మీదికి తిప్పు శ్యామలా. అవ్, కనిపిస్తోంది. ఇంకో సూది వెయ్యి, అదే మోతాదు. నేను ఇక్కడే ఉంటా, భయపడకు."

రెండో సూది పడ్డాక పిల్లికూతలు మెల్లగా తగ్గాయి. మాట ఒక్కసారి కూడా తెగలేదు. పోతయ్య ఒక కన్ను కొంచెం తెరిచాడు.

"తేనె ఎవరన్న దించిన్రా?"

"నీ తేనె మండ!" అంది జంపక్క, ఏడుస్తూనే నవ్వుతూ.

అంబులెన్స్ వచ్చి అతన్ని భద్రాచలం తీసుకెళ్లింది. బాగయ్యాక పోతయ్య ఊళ్లో బండి దిగి తన కాళ్ల మీదే నడిచి ఇంట్లోకి వచ్చాడు.

అంబులెన్స్ వెళ్లిన రోజు సాయంత్రమే శ్యామల అదే డబ్బాలో ఊరి కోసం రెండో నెట్‌వర్క్ తయారు చేసింది. దానికి వేరే పాస్‌వర్డ్, కొంచెం తక్కువ వేగం.

"ఇది మీది. దవాఖానాది మాత్రం అడగొద్దు," అంది బలరాంతో.

"అడగం అక్కా. పోతన్నను కండ్లార చూసినంగద," అన్నాడతను.

సంగతి విని పక్క ఊరి ఉపకేంద్రం నర్సు వాట్సాప్‌లో ఫోన్ చేసింది.

"మా డబ్బా గూడ గట్లనే ఉంది శ్యామలా. ఎప్పుడొస్తవ్?"

"ఇప్పుడే బయల్దేరుతున్న!" అంటూ శ్యామల స్కూటర్ తాళంచెవి కోసం వెతికింది.