దడికి కట్టిన నిమ్మకాయ

దోహా పక్కన వక్రాలో నేను చూసిన మొదటి దెబ్బ గోడకు పడింది. కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అక్కడ కాపురం పెట్టాం. మావారి ఆఫీసువాళ్లంతా దోహాలో, మనవాళ్లుండే పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉంటే, అద్దె తక్కువని మేం ఈ ఊళ్లో సముద్రం ఒడ్డున ఒక ముసలి జాలరి ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. దిగిన వారంలోనే పక్కింటిని బుల్డోజరు కుమ్మింది. సముద్రపు రాళ్లతో, సున్నంతో కట్టిన పాత ఇల్లు. మొదటి పోటుకు లొంగలేదు. రెండోసారి కుమ్మితే నడుం విరిగిన మనిషిలా ముందుకు వాలి కూలింది. వంటింటి అలమరలో నేను పెట్టుకున్న దీపం ఆ దుమ్ముకు ఆరిపోయింది. మా గోడ నిలిచినందుకు దణ్ణం పెట్టుకుని మళ్లీ వెలిగించాను.

ఇంటి పెద్దావిడ, ఆ జాలరి భార్య, చెప్పేది, వాళ్ల మామగారి రోజుల్లో ఇది ముత్యాల ఊరట. ఊపిరి బిగబట్టి మునిగినవాళ్లు కొందరు చెవుల్లోంచి రక్తం కారుతూ పైకొచ్చేవారట. కొందరు వచ్చేవారే కాదట. ముత్యాల వ్యాపారం పోయాక చేపలు మిగిలాయి. నేను వెళ్లేసరికి ఆ చేపల ఊరు కూడా శుక్రవారాల ఊరైపోతోంది. దోహా నుంచి పెద్ద పెద్ద బండ్లు వచ్చేవి. ఇసుకలో గొడుగులు, బొగ్గుల మీద మాంసం, నీళ్ల మీద రొదపెట్టే మోటారు స్కూటర్లు. ఆ స్కూటర్లు చీల్చిన వలలను ముసలాయన సాయంత్రాలు ఒళ్లో వేసుకుని కుట్టుకునేవాడు.

వలలు ఎలా ఉన్నా ఆయన బతుకంతా దడి మీద. లోతులేని నీళ్లలో ఖర్జూరపు మట్టలు వరసగా పాతి, చివర గుండ్రంగా దొడ్డి కడతారు. పోటుకు చేపలు దడి వెంబడే దొడ్డిలోకి వస్తాయి. ఆటుకు నీళ్లు తగ్గి అక్కడే చిక్కుకుంటాయి. వాటిని బుట్టకెత్తేది నిజామాబాదు వైపు నుంచి వచ్చిన ఒక పనివాడు. డ్రైవరు పని అని చెప్పి ఏజెంటు అతన్ని సముద్రంలో దింపాడు.

"మా అవ్వ నేను దుబాయ్‌ల కారు నడుపుతున్న అనుకుంటది అక్కా," అనేవాడు మా గుమ్మం దగ్గర మంచినీళ్లు తాగుతూ. వాళ్ల ఊళ్లో గల్ఫంతా దుబాయే. "దుబాయ్‌ల మోకాళ్ల దాంక నీళ్లుంటయని ఎట్ల చెప్పాలె?"

ఒడ్డును చదును చెయ్యడానికి లారీలు మట్టి పొయ్యడం మొదలయ్యాక దడిలో చేపలు తగ్గాయి. ఖాళీ బుట్ట చూసి ఒకరోజు ముసలాయన అతని చెంప మీద కొట్టాడు. ఇలాగే ఉంటే నెల తిరక్కుండా ఇండియా పంపేస్తానన్నాడు. వాళ్ల ఊళ్లో వీసా కోసం చేసిన అప్పు అలాగే ఉంది. అతను చెంప తడుముకుంటూ వచ్చి మా గుమ్మానికి వేలాడే నిమ్మకాయనూ మిరపకాయలనూ చూస్తూ నిలబడ్డాడు.

"దిష్టి తగిలిందక్కా. శుక్రారం శుక్రారం గిన్ని కండ్లు పడవట్టె."

తల్లి పంపిన కుంకుమ అతని దగ్గరే ఉంది. నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, నల్లదారంతో దొడ్డి గుంజకు కట్టాడు. మన వాకిళ్లలో ఎవరూ రెండోసారి తిరిగి చూడని వస్తువది.

ఆ శుక్రవారం స్కూటరు మీద దడి దాకా వెళ్లిన కుర్రాడొకడు ఆ ఎర్రటి కాయలు చూసి కేక పెట్టాడు. సిహర్, సిహర్ అని. చేతబడి. అక్కడ దానికంటే పెద్ద నేరం లేదు. గొడుగుల కింద తింటున్నవాళ్లంతా లేచారు. పనివాణ్ణి జుట్టు పట్టి నీళ్లలోంచి ఒడ్డుకు ఈడ్చారు. తెడ్డుతో కొట్టారు. దవడ విరిగిన చప్పుడు మా గుమ్మం దాకా వినబడింది. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టారు.

మావారు డ్యూటీలో ఉన్నారు. నేను గుమ్మానికున్న నిమ్మకాయ దండ తెంపుకుని పరిగెత్తాను. బడి మొహం చూడనిదాన్ని. అయినా మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి హిందీ నేర్పారు. ఆ పూట ఆయనకు నేను పడ్డ రుణం ఇంతా అంతా కాదు. దండ చూపిస్తూ, ఇది మా ఇళ్లలో అందరూ కట్టుకునేదేనని అక్కడివాళ్లకు కాస్తో కూస్తో తెలిసిన హిందీలో అరిచాను. వాళ్లు ఆగలేదు. వాళ్లు గుంజ నుంచి పీకి ఇసుకలో పడేసిన ఎర్రకాయ ఒకటి తీసి, వాళ్ల కళ్లెదుటే కొరికి మింగాను. కుంకుమ, ఇసుక, ఉప్పు. తెడ్డు గాలిలో ఆగింది.

అప్పుడే నమాజు నుంచి ముసలాయన వచ్చాడు. సంగతి విన్నాడు. ముందు తెడ్డు లాక్కుని మోకాలికేసి విరిచాడు.

"కొడితే నేను కొట్టాలి. వీడు నా మనిషి." ఆ మాట అరబ్బీలో వాళ్లతో అని, నా కోసం హిందీలో మళ్లీ అన్నాడు. "మూడేళ్లుగా ఆ కాయలు నా గుమ్మానికున్నాయి. వాటి కిందనుంచే మసీదుకు వెళ్తున్నా. నాకేమైంది?"

"పోలీసుల్ని పిలుస్తాం," అన్నాడు ఒకడు. "దడి చూపిస్తాం."

ముసలాయన ఇంట్లోకి వెళ్లి గొడ్డలి తెచ్చాడు. గుంపు చెదిరి దారిచ్చింది. ఆయన బట్టలు తడుస్తున్నా నీళ్లలోకి నడిచి, కాయలున్న గుంజను నరికాడు. తర్వాత దొడ్డిని, తర్వాత తండ్రి నాటి దడిని ఈ చివర నుంచి ఆ చివరకు నరికాడు. లోపలున్న నాలుగు చేపలు ఆయన కాళ్ల మధ్య నుంచి జారిపోయాయి. మట్టలు తేలుతూ గొడుగుల దాకా కొట్టుకొచ్చాయి.

"మాఫీ హద్రా," అన్నాడు రొప్పుతూ. దడి లేదని. "మాఫీ సిహర్. ఇప్పుడేం చూపిస్తారు? యల్లా, పొండి."

పోలీసులు రాలేదు. నెలన్నర పాటు పనివాడికి నేను గంజి గొట్టంతో తాగించాను. బతికినందుకు పూటపూటా దీపం పెట్టాను. పెద్దావిడ ఆ దీపాన్ని ఉండనిచ్చింది. నేను ఒడ్డున పారేసుకున్న దండను మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టి, ఇక లోపల కట్టుకోమంది.

దడి పోయాక ముసలాయన ఒక పాత పికప్ కొని శుక్రవారాలు ఒడ్డున ఐసు అమ్మడం మొదలుపెట్టాడు. నడిపేది మా నిజామాబాదు తమ్ముడే. దవడ వంకరపోయి, మాట ఒక పక్కనుంచే వచ్చేది.

"డ్రైవర్ అయితినక్కా," అన్నాడు మొదటిరోజు, నవ్వడానికి నోరు సహకరించక.

తనను కొట్టిన కుర్రాళ్లు ఐసుకొస్తే మాత్రం బండి దిగేవాడు కాదు. అద్దం ఎక్కించుకుని స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. ముసలాయనే దిగి, ఆ గొడ్డలితోనే దిమ్మ పగలగొట్టి ఇచ్చేవాడు.