ఎడమచేతి సానరాయి

చెరకు నరికే ఆ ఇంటి కోడలికి పొద్దస్తమానం నోరు ఆడుతూనే ఉంటుంది గానీ, కత్తి నూరేటప్పుడు మాత్రం పలకదు. గడలు నరికి నరికి కత్తి మొద్దుబారగానే గట్టు మీద కూర్చుంటుంది. కొంగు ముడి విప్పి, నిరుడు పోయిన అత్త వదిలి వెళ్లిన సానరాయి తీస్తుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, కళ్లు సగం మూసుకుని నూరుతుంది.

అత్తది ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్ల నూరుడికి రాయి ఒక పక్కకే అరిగి పల్లం పడింది. కోడలు కుడిచేత్తో ఎంత నూరినా పదును నిలిచేది కాదు. "దీనికీ మీ అమ్మ పొగరే," అని మొగుణ్ణి దెప్పేది. కొత్త రాయి తెస్తానంటే, "ఏం, నాకు చేతకాదనా?" అని గయ్యిమనేది. చివరికి పంతం కొద్దీ ఎడమచెయ్యే అలవాటు చేసుకుంది.

ఈ ఉదయం తోటంతా మంచు. గడలు కూడా నిద్రలో ఉన్నట్టున్నాయి. కత్తి సర్రుసర్రుమంటుంటే, తను నూరుతున్నట్టు కాక, పక్కన ఎవరో నూరుతుంటే వింటున్నట్టుంది ఆమెకు.

నీళ్ల బిందెతో వచ్చిన మొగుడు, మంచులో వంగిన ఆ ఎడమ భుజాన్ని చూసి పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. అత్త రోజూ కొడుకుని అడిగినట్టే అడిగింది.

"తిన్నావా, నాన్నా?"