సైరన్ మోగితే బట్టలు తీసే వీధి

సైరనమ్మ అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. వరద హెచ్చరికల ఆఫీసులో, మేడమీది ఇరుకు గదిలో కూర్చుని, ఎగువనుంచి కబురు రాగానే మీట నొక్కడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా నొక్కుతోంది. మబ్బు పట్టినప్పుడల్లా వరద రాదు కదా, పదిసార్లు మోగితే తొమ్మిదిసార్లు నాలుగు చినుకులు రాలి ఊరుకునేవి. దాంతో జనానికి సైరనంటే అలుసైపోయింది.

అందరికంటే అలుసు కన్నతల్లికే. వాగు పక్కన, రెండంతస్తుల ఇంటి కింది వాటాలో ఉంటారు తల్లీకూతుళ్ళు. వీధిలో డాబా ఉన్నది ఆ ఇంటికే, అందరూ బట్టలు అక్కడే ఆరేసేవారు. సైరన్ వినబడగానే పెద్దావిడ బుట్ట చంకన పెట్టుకుని డాబా ఎక్కి, ఆరేసిన బట్టలు తీసేది. ఆవిణ్ణి చూసి వీధిలో ఆడవాళ్ళంతా అదే పాఠం నేర్చుకున్నారు.

"ప్రాణాలు కాపాడుకోమని మోగిస్తున్నానమ్మా, లంగాలు కాపాడుకోమని కాదు," అని కూతురు నెత్తీనోరూ బాదుకునేది.

"బట్టలైనా పొడిగా ఉంటున్నాయిగా. అందుకు సంతోషించు," అనేది తల్లి.

ఆ రోజు పొద్దున్న మళ్ళీ అదే గొడవ. సైరనమ్మకు ఒళ్ళు మండింది. "ఇవాళ నువ్వేం ఉతకొద్దు. నా చీర సాయంత్రం నేనే ఉతుక్కుంటా. డాబా ఎక్కావో, చూడు," అని చీర బకెట్లో నానబెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఎగువనుంచి కాపలాదారు ఫోను చేశాడు. "అక్కా, ఇక్కడ ఉరుములతో కుండపోతగా కురుస్తోంది. వాగు ప్రమాద గుర్తు దాటేసింది. అరగంటలో మీ మీదికొస్తుంది."

కిటికీ బయట ఎండ కాస్తోంది. ఆ నెలలో అప్పటికే మూడుసార్లు ఉత్తుత్తిగా మోగించి పై అధికారి చేత చివాట్లు తింది. అయినా నొక్కింది. ఆ వెంటనే తల్లికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. తీగ మీద తమ బట్టలు లేవు, అమ్మ ఎందుకు డాబా ఎక్కుతుంది? ఆ అడ్డుపుల్ల వేసింది తనే. వరద తగ్గిందన్న కబురు వచ్చేదాకా సీటు వదలడానికి లేదు. రెండు గంటలు ఆ గదిలో ఎలా కూర్చుందో ఆమెకే తెలియదు.

కబురు రాగానే మోకాలి లోతు బురదనీళ్ళలో పడుతూ లేస్తూ ఇల్లు చేరింది. తలుపు ఊడిపోయింది. కిటికీ పైదాకా బురద గీత. మంచం తిరగబడి గోడకు ఆనుకుని ఉంది.

"అమ్మా!" అని అరిచింది.

"ఎందుకే ఆ అరుపు? పైనున్నాం."

మెట్ల మలుపులో బుట్ట పట్టుకుని పెద్దావిడ. వెనక వీధిలోని ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, తలో బట్టల మూటతో.

"ఉతకొద్దన్నానుగా," అంది కూతురు. పోయిన ప్రాణం అప్పుడే లేచొచ్చింది.

"రేపేం కట్టుకుపోతావని ఉతికేశా. నీ కూత వినబడి, ఆరిందో లేదో చూద్దామని వెళ్ళా," అంటూ చీర చేతిలో పెట్టింది. బాగానే ఆరింది. సైరనమ్మ అందులో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

వారం తిరక్కముందే ఆమె డాబా మీద స్వయంగా కొత్త తాడు కట్టింది. సైరన్ మోగగానే బట్టలు తీసుకోవాలని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

"ఉతికినవి లేని రోజు?" అనడిగింది పక్కింటి పిన్ని.

"ఒక్క జేబురుమాలైనా ఆరెయ్యండి పిన్నీ," అంది సైరనమ్మ.