బ్లాకు మీద తిరిగిన డిస్కు

ఇంజను బ్లాకు పైముఖాన్ని అద్దంలా మెరిపించేవాణ్ణి ఇప్పుడు మంచి మెకానిక్ అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఈ పని ఏ బడిలోనూ నేర్వలేదు. పాత ఇంజన్లు విప్పి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను. బ్లాకు మీద మూతలా ఉండే హెడ్డు ఎత్తాక, రెంటి మధ్య బిగించే పలుచని రేకు, బ్లాకుకు అంటుకున్న ఆ పాత గ్యాస్కెట్‌ను డీజిల్‌తో నానబెట్టి, మొద్దు బ్లేడుతో చేత్తోనే గీకేవాళ్లం. నల్ల మరకలు మిగిలితే మిగిలేవి. ఇనుము అరగకూడదు, లోపల పొడి పడకూడదు, అంతే.

మా చెల్లెలి ట్రాక్టరు గ్యాస్కెట్ కాలినప్పుడు నేను కంటి ఆపరేషనుకని అనంతపురంలో ఉన్నాను. మొగుడు పోయాక ఆ ట్రాక్టరే ఆమెకు ఆధారం. ఆ వారమే వాన పడింది. వేరుశనగ విత్తడానికి నేలలో పదును ఉండేది నాలుగైదు రోజులే. ఆగలేక బత్తలపల్లె నుంచి మెకానిక్‌ను పిలిపించింది. నేను నల్లద్దాలతో ఊళ్లో దిగేసరికి, అతను చేతి గ్రైండరుకు గరుకు డిస్కు తగిలించి బ్లాకునంతా రుద్దేసి, హెడ్డు ఎక్కించబోతున్నాడు.

“చూడు పెద్దాయనా, మొగం కనపడతాంది,” అన్నాడు.

“మొగం చూసుకునేదానికి మీ ఇంట్లో అద్దం లేదా? ఆ పొడి యాడికి పోయిందప్పా?”

“గాలి కొట్టినాలే.”

సిలిండరు అంచున వేలితో రాశాను. సన్న ఇసుకలా గరగరలాడింది. ఆ డిస్కు నుంచి రాలే పొడి ఆయిలు దారుల్లోకి దిగితే బేరింగులను తినేస్తుంది. అంతా విప్పి కడగాల్సిందే అన్నాను.

“ఎన్ని దినాలన్నా?” అంది చెల్లెలు.

“రెండు.”

“రెండు దినాలకు పదును ఆరిపోతుందన్నా. నలుగురికి మాటిచ్చినా.”

కడగకుండానే హెడ్డు ఎక్కింది. మాటిచ్చిన వాళ్ల చేలు ముందు విత్తించి, తన చేను ఆఖరుకు పెట్టుకుంది. ట్రాక్టరున్నవాళ్లు ముందు తమది చూసుకుంటే మా వైపు పేరు పోతుంది. తన చేలో రెండు సాళ్లు సాగాయో లేదో, ఇంజను లోపల టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఆపించి, ఇంజను కింది భాగం విప్పి చూశాను. బేరింగులు గీతలు పడి, పైపూత పోయి రాగి రంగు తేలాయి. వాటిలో తిరిగే ఇరుసు, క్రాంకు కూడా చెడింది.

మెకానిక్‌కు ఫోను చేస్తే, “మీరు మంచి ఆయిలు పోసుండరు పెద్దాయనా,” అన్నాడు. ఇంకేం తిట్టను?

ఊళ్లో ఎద్దులు ఎప్పుడో పోయాయి. మిగతా ట్రాక్టర్లన్నీ ముందే మాటిచ్చిన చేలల్లో ఉన్నాయి. ఒకటి ఖాళీ అయ్యేసరికి నేల ఆరిపోయింది. తర్వాతి వాన అదును దాటాక పడింది.

విత్తనానికి అప్పటికే పురుగుమందు పట్టించి ఉంది. గింజలన్నీ ఎర్రగా ఉన్నాయి. తినడానికి లేదు, నూనె ఆడించడానికి లేదు, వచ్చే ఏటికి దాచినా మొలవవు. చెల్లెలు గట్టు పక్కన గుంత తవ్వుతోంది. పార అందుకోబోతే ఇవ్వలేదు.

“ఎంత లోతు కావాలన్నా?”

“కోళ్లు గెలకనంత.”

ఇంకాస్త తవ్వి, విత్తనాల మూట విప్పి గుంతలోకి వంచింది. చుట్టూ ఆమె విత్తించిన చేలల్లో మొక్కలు వరసలు కట్టి కనిపిస్తున్నాయి.